నరాల నొప్పికి ఉష్ణగుండ స్నానం: నీటిలో దిగే ముందు, దిగిన తరువాత

కపిలతీర్థం నీరు ఎంత పవిత్రమైనదైనా చన్నీరే కనుక, భూమి లోపలి వేడికి కాగి పైకి ఉబికే ఉష్ణగుండంలో స్నానం చేయాలనుకునే తిరుపతివారికి దూరప్రయాణం తప్పదు. తిరుపతి నుంచి పూరీ వెళ్లే రైలులో బరంపురంలో దిగితే, అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన తూర్పు కనుమలలో గంధకపు వాసన వేసే తప్తపాణి ఉంది.

వేడినీరు దెబ్బతిన్న నరాన్ని బాగుచేయదు. బిగిసిన కండరాలను సడలించి, రక్తప్రసరణను పెంచి, శరీర బరువును నీటిపై తేల్చి నొప్పిని కొంతసేపు మరిపిస్తుంది. అందువల్ల నడుము నుంచి పిక్క దాకా లాగే సయాటికా ఉన్నవారికి హాయిగా ఉంటుంది. మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారి సంగతి వేరు. చిత్తూరులో మా పెదనాన్నగారు గీజరు నీళ్లు నింపిన బకెట్టులో పాదాలు పెట్టుకుని, వార్తాపత్రిక చదువుతూ, "గోరువెచ్చగానే ఉన్నాయిరా" అన్నారు. సాయంత్రానికి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పొక్కు లేచింది.

కాబట్టి వేడిని పాదంతో అంచనా వేయకుండా థర్మామీటరుతో చూడాలి. 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. థర్మామీటరు లేకపోతే స్పర్శ బాగా ఉన్న మరొకరి మోచేతిని ముంచి చూడమనాలి. ఇంట్లోనైతే ముందు చన్నీళ్లు పోసి, తరువాత వేడినీళ్లు కలపాలి.

మొదటి రోజు పది నిమిషాలు మించవద్దు. అలవాటైన తరువాత పదిహేను, ఇరవై దాకా ఉండవచ్చు. సహజ గుండంలో తల ముంచి మునకలు వేయడం మానుకోవాలి, ఎందుకంటే వెచ్చని మంచినీటిలో బతికే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాంతకమవుతుంది, అరుదే అయినా. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దిగకూడదు. మానని పుండు, అక్కి పొక్కులు ఉంటే అవి పూర్తిగా ఎండేదాకా ఆగాలి. వేడికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగే అవకాశం ఉంది కనుక, ఒక్కసారిగా లేవకుండా గట్టు పట్టుకుని మెల్లగా లేచి, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగాలి.

ఒళ్లు తుడుచుకునేటప్పుడు కాలివేళ్ల సందులు కూడా పొడిగా ఒత్తి, అరికాలి కింద చిన్న అద్దం పెట్టి ఎర్రబడిందేమో, పొక్కు లేచిందేమో చూసుకోవాలి. వంగలేనివారు ఈ పనిని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి.