క్రెడిట్ కార్డు దరఖాస్తు తిరస్కరణ: సరిహద్దు జిల్లాల తెలుగువారికి సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడిలో కిరాణా దుకాణం, మహేంద్రతనయ నది అవతలి గట్టున ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో ఇల్లు ఉన్న మా బంధువు ఒకరు మూడు నెలల వ్యవధిలో నాలుగు బ్యాంకులకు క్రెడిట్ కార్డు కోసం దరఖాస్తు చేస్తే నాలుగూ తిరస్కరించారు. ఆయనకు ఎక్కడా బాకీ లేదు, వ్యాపారం బాగానే సాగుతోంది. కాగితాలన్నీ తెప్పించి బల్ల మీద పక్కపక్కన పరిచి చూశాక గాని విషయం బోధపడలేదు. ఆధార్‌లో ఆయన పేరు ఆంగ్ల అక్షరాల్లో ‘భెంకట రావు’ అని ఉంది. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు వచ్చి, ఆ తరువాత ‘వెంకటరావు’ అని ఒకే మాటగా ఉంది. పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. మనకు ఆయన ఒక్కరే గాని, బ్యాంకు కంప్యూటరుకు ముగ్గురు వేర్వేరు వ్యక్తులు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, అటు మహారాష్ట్రలోని సిరోంచ, దెగ్లూరు, ధర్మాబాద్ ప్రాంతాల్లోనూ ఉన్న తెలుగువారి దరఖాస్తులు ఆదాయం చాలక ఆగిపోయినవాటి కంటే ఇటువంటి పొంతన లేని కాగితాల వల్ల ఆగిపోయినవే నేను ఎక్కువగా చూశాను. అందువల్ల తిరస్కరణ రాగానే ఇంకొక బ్యాంకుకు పరుగెత్తకుండా ముందు కారణం తేల్చుకోవాలి.

కారణం అడగడం మన హక్కు. క్రెడిట్ కార్డుల జారీపై రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, దరఖాస్తును తిరస్కరించిన బ్యాంకు అందుకు నిర్దిష్టమైన కారణాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ‘అంతర్గత విధానాల మేరకు’ అని ముక్తసరిగా సందేశం వస్తే, దరఖాస్తు సంఖ్య పేర్కొంటూ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పంపి, స్పష్టమైన కారణం కోరండి.

సమర్పించిన కొద్ది నిమిషాలకే తిరస్కరణ వస్తోంది

ఇంత త్వరగా వచ్చిందంటే ఆ దరఖాస్తును మనిషి చూడలేదనే అనుకోవాలి. పేరు కలవకపోవడం, పాన్‌కు ఆధార్ అనుసంధానం కాకపోవడం, మీ పిన్‌కోడు ఆ బ్యాంకు కార్డులిచ్చే ప్రాంతాల జాబితాలో లేకపోవడం దీనికి సాధారణ కారణాలు.

పేరు సంగతి కొంత వివరంగా చెప్పాలి. ఒడియాలో ‘వ’కారాన్ని ‘భ’గా రాసే అలవాటు వల్ల వెంకట భెంకటగా మారుతుంది. నాందేడ్ వైపు అదే పేరు వ్యంకట్ అవుతుంది. పైగా మరాఠీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, ఆ తరువాత ఇంటిపేరు వస్తాయి గనుక, మనం ముందు చెప్పుకునే ఇంటిపేరు అక్కడ చివరికి చేరుతుంది. నమోదు కేంద్రంలో ఆపరేటరు విన్నట్టు రాసుకున్నదే మన పేరుగా స్థిరపడిపోయింది. దిద్దించుకునే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు. కాబట్టి పదో తరగతి ధ్రువపత్రంలోనో, పాన్‌లోనో ఉన్న ఒక రూపాన్ని శాశ్వతంగా ఖాయం చేసుకుని, మిగిలిన కాగితాలన్నింటినీ అక్షరం తేడా లేకుండా దానికి అనుగుణంగా మార్పించాలి. పొడి అక్షరాలు వదిలి ఇంటిపేరు పూర్తిగా రాయించడం మంచిది. మా బంధువు పాన్‌లోని రూపాన్నే ఉంచుకుని ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను దిద్దించారు. రెండూ పూర్తయ్యేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది.

పిన్‌కోడు విషయంలో జరిగే పొరపాటు చిన్నదే. పర్లాకిమిడిది 761200, పాతపట్నానిది 532213. ఇల్లు ఒక రాష్ట్రంలో, దుకాణం మరొక రాష్ట్రంలో ఉన్నవారు ఒక ఊరి పేరు రాసి రెండో ఊరి పిన్‌కోడు వేస్తే, రాష్ట్రం పేరు దానితో కలవక దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌లో ఉన్నది శాశ్వత చిరునామాగాను, ఇప్పుడు ఉంటున్నది ప్రస్తుత చిరునామాగాను విడివిడిగా రాసి, రెండో దానికి రెండు నెలలు దాటని కరెంటు బిల్లు వంటి ఆధారం జత చేయండి. మీ పిన్‌కోడుకు ఆ బ్యాంకు కార్డులే ఇవ్వదని తెలిస్తే దానితో వాదించి ప్రయోజనం లేదు. మీకు ఖాతా ఉన్న స్థానిక శాఖలో స్వయంగా దరఖాస్తు ఇవ్వడమే మేలు.

వాయిదా ఏదీ తప్పలేదు, అయినా స్కోరు తక్కువని అంటున్నారు

ఈ మాట విన్నవారు ఎంత నొచ్చుకుంటారో నాకు తెలుసు, ఎందుకంటే వారిలో చాలామంది నిజంగానే ఒక్క రోజు కూడా బాకీ ఉంచుకోని మనుషులు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు మన రుణ చరిత్రను భద్రపరుస్తాయి. ఆ చరిత్రను బట్టి అవి వేసే స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750 దాటితే కార్డు వచ్చే అవకాశం మెరుగని సాధారణంగా భావిస్తారు. ఒక్కొక్క సంస్థ నుంచి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చు, మన నివేదికను మనం చూసుకున్నంత మాత్రాన స్కోరు తగ్గదు. నాలుగింటినీ తెప్పించుకోండి. ఒకదానిలో కనిపించని అప్పు మరొకదానిలో ఉండవచ్చు.

నివేదిక చేతికి వచ్చాక ముందుగా చూడవలసింది పంట రుణం. కిసాన్ క్రెడిట్ కార్డు పేరులో కార్డు ఉన్నా అది రుణ ఖాతాయే. గడువులోగా చెల్లించి పునరుద్ధరించుకుంటే వడ్డీ రాయితీతో 4 శాతమే పడుతుంది. వడ్డీ మాత్రం కట్టి పునరుద్ధరణ మరిచిపోతే ఖాతా బకాయిలోకి జారుతుంది, స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలాలు దాటితే నిరర్థక ఆస్తిగా, అంటే వసూలు కాని బాకీగా నమోదవుతుంది. మాఫీ వస్తుందని ఎదురుచూస్తూ ఆపినవారి నివేదికల్లోనూ ఆ జాప్యం కనబడుతుంది.

తరువాత మహిళల గ్రూపు రుణాలు చూడాలి. వాయిదా డబ్బు గ్రూపు నాయకురాలి చేతికి ఇచ్చి, లోను కార్డు మీద సంతకం తీసుకోకుండా వచ్చేసిన అక్కచెల్లెళ్ల పేరు మీద, వారు కట్టినా కట్టనట్టే నమోదు పడిన సందర్భాలున్నాయి. సూక్ష్మరుణ సంస్థలు ఒక్కొక్క సభ్యురాలి వివరాలు విడిగా పంపుతాయి గనుక, రసీదు లేని వాయిదాకు సాక్ష్యం ఉండదు. బావమరిదికో తోటి వ్యాపారికో జామీను సంతకం పెట్టిన రుణం కూడా మీ నివేదికలో కనిపించవచ్చు, అతను ఆలస్యం చేస్తే ఆ ప్రభావం మీ మీద పడుతుంది. ఎప్పుడో బ్యాంకుతో రాజీపడి తక్కువ మొత్తానికి ముగించిన అప్పు ‘సెటిల్డ్’ అని ఉంటుంది. మిగిలిన మొత్తం కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, దాన్ని ‘క్లోజ్డ్’గా మార్చమని రుణమిచ్చిన సంస్థను కోరాలి.

నమోదే తప్పయితే, నివేదిక ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో అభ్యంతరం దాఖలు చేసి, అదే ప్రతిని రుణమిచ్చిన బ్యాంకుకూ పంపండి, ఎందుకంటే బ్యాంకు ధ్రువీకరించకుండా నివేదికలో మార్పు జరగదు. ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే, ఆపై ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉంది.

రుణ చరిత్రే లేదని తిరస్కరించారు

అప్పు చేయకపోవడం గౌరవంగా బతకడమని పెద్దలు నేర్పిన ఇళ్లలో ఇది తరచుగా ఎదురవుతుంది. మీకు ఖాతా ఉన్న బ్యాంకులో కొంత మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద కార్డు అడగండి. సాధారణంగా డిపాజిట్‌లో 75 నుంచి 90 శాతం వరకు పరిమితి ఇస్తారు, డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది. పరిమితి 20,000 అయితే నెలకు 6,000 దాటకుండా వాడి, బిల్లు మొత్తం గడువులోగా కట్టండి. బిల్లులో చూపే కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగిలిన దాని మీద ఏడాదికి 36 శాతం, అంతకు మించి కూడా వడ్డీ పడే కార్డులున్నాయి. ఆరు నెలలు క్రమంగా నడిపితే సాధారణంగా స్కోరు ఏర్పడుతుంది.

ఉద్యోగం లేదా ఆదాయం నిర్ధారణ కాలేదని రాశారు

జేకేపూర్, బల్లార్‌పూర్ వంటి చోట్ల కాగితపు మిల్లులో కాంట్రాక్టరు కింద పనిచేసేవారు యజమాని గడిలో మిల్లు పేరు రాస్తే, బ్యాంకువారు విచారించినప్పుడు మిల్లు కార్యాలయం ఆ పేరు తమ జాబితాలో లేదంటుంది. పీఎఫ్ పాసుపుస్తకంలో యజమానిగా ఎవరి పేరుందో దరఖాస్తులో అదే రాయండి. వ్యాపారులైతే రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు సిద్ధం చేసుకోవాలి. ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షన్ కింద చిన్న వ్యాపారి అమ్మకాల్లో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారానో డిజిటల్‌గానో వచ్చిన భాగంపై 6 శాతాన్ని ఆదాయంగా చూపి రిటర్ను వేయవచ్చు. దరఖాస్తులో రాసే ఆదాయం రిటర్నులో ఉన్నదానిని మించకూడదు.

ఎన్నిసార్లు దరఖాస్తు చేసినా అదే జవాబు

ప్రతి దరఖాస్తూ మీ నివేదికలో విచారణగా నమోదవుతుంది. కొద్ది నెలల్లో అవి నాలుగైదు కనబడితే, ఈయన అప్పు కోసం అవస్థ పడుతున్నారని తరువాతి బ్యాంకు భావిస్తుంది. లోపం దిద్దుకున్నాక కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు ఆగి, ఒక్క బ్యాంకుకే దరఖాస్తు పెట్టండి. ఇలా ఆగి ఉన్న కాలంలో ‘రుసుము కడితే కార్డు మంజూరు చేయిస్తాం’ అని ఎవరైనా ఫోన్ చేస్తే డబ్బు గాని ఓటీపీ గాని ఇవ్వవద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

కారణం చెప్పరు, ఫిర్యాదుకు జవాబు ఇవ్వరు

బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు గడిచినా జవాబు రాకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుల పోర్టల్ వాడటం రానివారు చండీగఢ్ సెక్టర్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి (పిన్‌కోడు 160017) ఉత్తరం ద్వారా పంపవచ్చు. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నకలు, దానికి వచ్చిన రసీదు జత చేయాలి. ఎలా రాయాలో తెలియకపోతే 14448 నంబరుకు ఫోన్ చేయండి. ఒడియా, మరాఠీలతో పాటు తెలుగులోనూ అక్కడ మాట్లాడతారు.