అహోబిలం అడవి దారి పట్టే ముందు

కర్నూలు నుంచి వెళ్లేవారు మందులు, డబ్బు, పెట్రోలు ఆళ్లగడ్డలోనే చూసుకోవాలి.

• ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని దగ్గరికి ఉదయాన్నే నడక మొదలుపెట్టండి. భవనాశి వాగులో రాళ్లు పైకి పొడిగానే కనిపిస్తాయి, నీటి అంచున మాత్రం పాచి పట్టి ఉంటాయి. అక్కడ కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పట్టున్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. కొండ మీద వాన పడితే వాగు చూస్తుండగానే పొంగుతుంది. ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఆ రోజు వెనుదిరగండి.

• ఉగ్రస్తంభం అనే కొండ శిఖరం ఎక్కాలంటే దారి తెలిసిన స్థానికులు వెంట ఉండాలి.

• నల్లమల పెద్దపులి తిరిగే అడవి. పావన నరసింహుని దారిలో గుంపు విడిచి నడవకండి, చీకటి పడేలోపే తిరిగి వచ్చేయండి. ఫోనులో పాటలు వద్దు; వింటే అడవి చప్పుళ్లే ఎంతో బాగుంటాయి.

• కోతులకు తిండి పెట్టకండి. చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి.

• ఎండాకాలంలో అగ్గిపుల్ల గీయనే వద్దు. ఎండుటాకులకు అంటుకుంటే ఆర్పడం మనవల్ల కాదు.

• దిగువ ఆలయంలోని విజయనగర కాలపు శిల్పాలకు నూనె, కుంకుమ పూయకండి. చెక్కడపు గీతలు పూడిపోతాయి.