కాలనీ పార్కుకు డబ్బు కూడగట్టడం ఎలా: చెన్నై సంఘాల కోసం

పార్కు బాగుచేద్దామనుకోగానే కాలనీలో ముందుగా రసీదు పుస్తకం అచ్చవుతుంది. నిజానికి అది చివర్లో రావాల్సిన పని. ముందు తేలాల్సింది స్థలం ఎవరిదన్నది. టీ నగర్‌లో మన పానగల్ రాజా పేరు మోస్తున్న పార్కులాంటి పాతవాటితో పేచీ లేదు. చిక్కంతా శివార్లలోని ఓఎస్‌ఆర్ జాగాలతోనే, అంటే లేఅవుట్లలో పార్కుకని విడిచిపెట్టే ఖాళీ స్థలాలతోనే. తమిళనాడు నిబంధనల ప్రకారం 10,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో లేఅవుటో అపార్ట్‌మెంట్లో వేస్తే, రోడ్లు పోగా 10 శాతం జాగా పార్కుకు విడిచి స్థానిక సంస్థకు దానపత్రం రాసివ్వాలి. ఆ పత్రం నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. పత్రం రిజిస్టరు కాకుంటే అక్కడ ఒక్క బెంచీ కూడా వేయొద్దు. రేపు బిల్డరో పక్క ఫ్లాట్లవాళ్లో గేటుకు తాళం వేస్తే దాతలకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

స్థలం కార్పొరేషన్‌దని తేలాక కౌన్సిలర్‌కు ఒక మాట చెప్పి, జోనల్ ఆఫీసులోనూ పార్కుల విభాగంలోనూ అర్జీ పెట్టండి. నోటిమాట అనుమతి మీద పని మొదలుపెట్టకండి. అధికారి బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది. రాతపూర్వక ఒప్పందంలో కరెంటు బిల్లు ఎవరు కడతారు, నీళ్లు ఎక్కడివి, కాపలా ఎవరిది, విరిగినవి ఎవరు బాగుచేస్తారు, దాత పేరు పలక ఎంత కొలత, గడువు ఎన్నేళ్లు అన్నవన్నీ ఉండాలి. ప్రవేశ రుసుము ఉండదని కూడా రాయించండి. ఎక్కువమంది మరిచేది కరెంటు బిల్లు. దీపాలు వెలిగిన మూడో నెలలో గొడవ మొదలవుతుంది.

ఇక డబ్బు ఎవరి పేరిట తీసుకోవాలి? కాలనీ సంక్షేమ సంఘం పేరిటే తీసుకుంటే పన్ను దగ్గర ఇరుక్కుంటారు. సంఘం నియమావళిలో సాధారణంగా 'సభ్యుల సౌకర్యం కోసం' అని ఉంటుంది. సభ్యుల కోసం నడిచేది ధర్మసంస్థ కాదని 80జీ (దాతలకు పన్ను మినహాయింపు తెచ్చే నమోదు) అర్జీని తోసిపుచ్చే అవకాశం ఎక్కువ. అందుకే పార్కు పనికి విడిగా పబ్లిక్ ట్రస్టు పెట్టుకోవడం మేలు. లేదంటే కనీసం ఏడుగురితో 1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద సొసైటీ. ప్రయోజనం ఒక మతానికో కులానికో పరిమితమని రాస్తే 80జీ రాదు. కుల సంఘాల భవనాల నుంచి నడిచే ట్రస్టులు ఈ వాక్యం దగ్గర జాగ్రత్తపడాలి. 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు తెచ్చే నమోదు), 80జీ రెండూ ముందు తాత్కాలికంగా వస్తాయి, తర్వాత మళ్లీ అర్జీ పెట్టాలి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల నంబర్లను మార్చింది కాబట్టి ఏ ఫారమైనా ఆడిటర్‌ను అడిగే నింపండి. వాడుకలో మాత్రం అందరూ 80జీ అనే అంటున్నారు.

80జీ ఉందని దాతలకు మరీ గట్టిగా చాటకండి. నగదు రూ. 2,000 దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలోకి మారిన జీతగాళ్లకు అసలే లేదు. సిమెంటు బెంచీ, మొక్కలు, ఉయ్యాల లాంటి వస్తురూప దానానికీ వర్తించదు. 'బెంచీ కొనిస్తాను, రసీదు ఇవ్వండి' అనే పెద్దమనిషి ప్రతి కాలనీలోనూ ఉంటాడు. డబ్బు ట్రస్టు ఖాతాకు పంపమని, బెంచీ ట్రస్టే కొంటుందని ఆయనకు నచ్చజెప్పండి. దాతల పేరు, పాన్, మొత్తం ఏడాది పొడుగునా రాసిపెట్టుకుంటేనే మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాల్సిన ప్రకటన, ఇన్నాళ్లూ ఫారం 10బీడీ అన్నది, సాఫీగా సాగుతుంది. అది ఆలస్యమైతే రోజుకు రూ. 200 రుసుము.

చెన్నైలో ఉన్న మంచి వెసులుబాటు 'నమక్కు నామే' (మనకు మనమే) పథకం. ప్రజలు అంచనా వ్యయంలో కనీసం మూడో వంతు కడితే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. అంటే తొమ్మిది లక్షల నడకదారికి మీరు మూడు లక్షలు తెస్తే చాలు. అంచనా కార్పొరేషన్ ఇంజనీరు వేయాలి, మీ మేస్త్రీ కాదు. అర్జీకి ముందే ఇంజనీరును తీసుకెళ్లి జాగా చూపించండి. అంచనాలో లేని పని తర్వాత చేరదు. టెండరు కార్పొరేషన్‌దే కాబట్టి నాణ్యత మీద మీ పట్టు తక్కువ. అందుకే కొలతలు అంచనా దశలోనే రాయించాలి: దారి వెడల్పు కనీసం 1.5 మీటర్లు, ర్యాంపు వాలు 12కు 1 (12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు), చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర పేవర్ రాళ్లు వేయకుండా వదలడం. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు గాలి చోట్ల ఓపెన్ జిమ్ ఇనుముకు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) అడగండి. మామూలు పెయింటైతే బోల్టుల దగ్గర తుప్పు త్వరగా మొదలవుతుంది.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు పెద్దదే కానీ కొత్త ట్రస్టుకు నేరుగా రాదు. కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదుతో పాటు అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం చూపించాలి. అంతవరకు రెండు దారులు. అనుభవమున్న సంస్థతో కలిసి పనిచేయడం ఒకటి. కంపెనీయే నేరుగా ఆటవస్తువులు పెట్టి కార్పొరేషన్‌కు అప్పగించడం రెండోది. సీఎస్‌ఆర్‌తో ఏర్పడిన ఆస్తి ప్రభుత్వ సంస్థ పేరిటో, అర్హత ఉన్న ట్రస్టు పేరిటో ఉండాలని నిబంధన, కంపెనీ పేరిట ఉండకూడదు. కంపెనీలను ఏప్రిల్, జూన్ మధ్య కలవండి. ఫిబ్రవరిలో 'మార్చి 31లోపు ఖర్చుచేయాలి' అంటూ వచ్చే డబ్బును, మా అభిప్రాయంలో, వద్దనడమే నయం. ఆ హడావుడిలో పునాది లేకుండా నిలబెట్టిన ఉయ్యాల మొదటి వానకే ఒరుగుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపుతామంటే వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టున్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ దాతలే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా వాళ్ల నుంచి ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. నమోదున్న ఇంకో సంస్థ ద్వారా మళ్లించే దారినీ 2020 సవరణ మూసేసింది. ట్రస్టు యూపీఐ కోడ్‌ను ఊళ్లవాళ్ల వాట్సాప్ గుంపుల్లోకి వదిలేముందు ఈ షరతు దాని కిందే రాయండి.

నిర్వహణ దగ్గరే అసలు పరీక్ష. న్యూయార్క్ సెంట్రల్ పార్కు స్థలం నగరానిదే అయినా, 1980లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఒకటి దాన్ని చూసుకుంటోంది. ఖర్చులో అధిక భాగం చందాలే. అక్కడ చెత్త ఎత్తడానికీ గడ్డి కోయడానికీ కూడా దానం అడుగుతారు. మనకు ప్రారంభోత్సవానికి దొరికినంత సులువుగా తోటమాలి జీతానికి దాత దొరకడు. లెక్క చూడండి: పది లక్షల మూలనిధిని 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే నెలకు 5,800 వస్తుంది. అది తోటమాలి సగం జీతానికీ చాలదు. కాబట్టి వచ్చిన ప్రతి పెద్ద విరాళంలో మూడో వంతైనా మూలనిధికి తీయండి. 'ఇది మూలనిధికి' అని దాత రాతపూర్వకంగా చెబితేనే అది మూలనిధి. లేకుంటే ఆదాయంలో కలుస్తుంది, ఆదాయంలో 85 శాతం ఖర్చుపెట్టాలన్న నియమం దానికీ పడుతుంది. మిగతా లోటుకు ఇంటింటా నెలకు రూ. 100 చందా పెట్టండి. ఏడాదికోసారి 1,200 అడగడం కంటే బ్యాంకు ఆటోపే ద్వారా నెలకు 100 తీసుకోవడం సులువు.

ఖర్చు తగ్గేది ఎంపికలోనే. పచ్చిక పరిస్తే ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు కొనాలి. ఫౌంటెన్ మోటారు కాలిపోతే బాగుచేయించేవాళ్లుండరు. దాని బదులు వాననీటి ఇంకుడు గుంత తవ్వించండి. చెట్లలో కానుగ, వేప, పొన్న నాటండి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు గుల్‌మొహర్ లాంటి చెట్లు వేళ్లతో సహా కూలాయి. మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గుంతలు సెప్టెంబరులోనే తవ్వి, పశువుల ఎరువు కలిపి వదిలేయండి. ఈశాన్య రుతుపవనం మొదలయ్యే అక్టోబరు రెండో పక్షంలో నాటితే డిసెంబరు దాకా నీళ్ల ఖర్చే ఉండదు.