మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్: ఏది ముందు, ఏది తర్వాత

మాస్ ఎఫెక్ట్‌లో గురి తప్పితే పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడుకోవచ్చు. వరస తప్పితే మాత్రం ఆ సంగతి ఇరవై ముప్పై గంటల తర్వాత గానీ తెలియదు. బయోవేర్ 2007, 2010, 2012లో తెచ్చిన మూడు వీడియో గేమ్‌లని 2021 మేలో లెజెండరీ ఎడిషన్ పేరుతో ఒకే కట్టగా విడుదల చేసింది. మూడింటిలోనూ నడిచేది మీరు ఆడించే అంతరిక్ష సైనికాధికారి కమాండర్ షెపర్డ్ కథే. మొదటి భాగంలో మీరు కాపాడిన మనిషి మూడో భాగంలో ఎదురొచ్చి పలకరిస్తాడు, కాపాడకపోతే ఆ చోట ఇంకెవరో ఉంటారు. అందుకే ఇక్కడ తుపాకుల కంటే వరస గురించే ఎక్కువ చెబుతున్నాం. కథలో కొన్ని మలుపులు ముందే తెలిసిపోతాయి, ఇష్టం లేనివాళ్లు తర్వాతి రెండు పేరాలు చదివి ఆగండి.

కంప్యూటర్లో 120 జీబీ ఖాళీ, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 760 స్థాయి గ్రాఫిక్స్ కార్డు కనీసం ఉండాలి. 40 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ మీద డౌన్‌లోడ్‌కు దాదాపు ఏడు గంటలు, 100 ఎంబీపీఎస్ అయితే మూడు గంటల లోపు పడుతుంది. రాత్రి పడుకునే ముందు పెట్టేయండి. రోజుకు 2 జీబీ మొబైల్ డేటా మీద ఆధారపడితే రెండు నెలలు పడుతుంది. పల్లెల్లో ఉన్నవాళ్లు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంట్లో స్టీమ్ (ఆటలు అమ్మే యాప్) బ్యాకప్ తీసుకుని, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో తెచ్చుకోవడం మేలు. స్టీమ్‌లో కొన్నా ప్రచురణ సంస్థ ఈఏ వారి యాప్ కూడా కావాలి, మొదటిసారి తెరిచేటప్పుడు నెట్ ఉండాలి.

మన దగ్గర వేసవి సాయంత్రాలు ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది. సేవ్ అవుతున్న క్షణంలో మెషిన్ ఆగిపోతే ఆ ఫైల్ పాడవ్వొచ్చు. డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ ఉంటే ఆట మూసి షట్‌డౌన్ చేసేపాటి సమయం దొరుకుతుంది. ఒకే స్లాట్ మీద మళ్లీ మళ్లీ రాయకండి, కొత్త స్లాట్ తీసుకోండి. పోరాటం నడుస్తుండగా సేవ్ కుదరదు కాబట్టి కొత్త గదిలోకి అడుగుపెట్టే ముందే చేసుకోవాలి. డాక్యుమెంట్స్‌లో బయోవేర్ ఫోల్డర్, దాని లోపల ఆట పేరుతో ఉన్న ఫోల్డర్, అందులో సేవ్ అని ఉంటుంది. వారానికోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయండి.

ఆటలో తెలుగు లేదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. సంభాషణ వచ్చినప్పుడు తెర మీద చక్రం కనిపిస్తుంది. కుడివైపు మాటలు కథను ముందుకు నడిపేవి: పైది మెత్తటిది, మధ్యది తటస్థం, కిందిది కటువుది. ఎడమవైపు ఉండేవి వివరాలు అడిగే ప్రశ్నలు. ముందు ఎడమవైపువి అన్నీ అడిగేశాకే కుడివైపు వెళ్లండి, ఒకసారి కుడివైపు ఎంచుకుంటే ఆ ప్రశ్నలు చాలాసార్లు మళ్లీ రావు. ఎడమవైపే నీలం, ఎరుపు రంగుల్లో కనిపించేవి ఒప్పించే మాట, బెదిరించే మాట. పెద్ద ప్రమాదాల్ని తప్పించేవి అవే. చక్రం మీరు ఎంచుకునేదాకా ఆగుతుంది, తొందరేమీ లేదు. రెండు, మూడు భాగాల్లో మధ్యలో మెరిసే గుర్తు మాత్రం కొన్ని సెకన్లే ఉంటుంది. మౌస్ ఎడమ బటన్ నొక్కితే మంచితనం, కుడి బటన్ నొక్కితే కరకుదనం.

ఆ రంగు మాటలు తెరుచుకునే పద్ధతి మూడు భాగాల్లో మూడు రకాలు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి భాగంలో చార్మ్, ఇంటిమిడేట్ అనేవి నైపుణ్యాలు. లెవెల్ పెరిగినప్పుడు ఆ రెండింటిలో ఒకదానికి పాయింట్లు పోయాలి. అన్నీ తుపాకీలకే పెట్టేస్తే వర్మైర్ గ్రహం మీద మీ జట్టులోని రెక్స్ ఎదురు తిరిగినప్పుడు చెప్పడానికి మాట ఉండదు. రెండో భాగంలో లెక్క దామాషా మీద నడుస్తుంది. ఒకచోట మెత్తగా, ఇంకోచోట కటువుగా ఉంటే రెండూ చాలవు. ఒక దారి పట్టుకుని దాన్నే పోండి. మూడో భాగంలో రెండూ కలిసి పరపతిగా లెక్కకొస్తాయి, అక్కడ ఎలాగైనా ఉండొచ్చు.

మొదటి భాగంలో సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రం వదిలాక ముందు థెరమ్ గ్రహానికి వెళ్లి లియారాను జట్టులోకి తెచ్చుకోండి. ప్రతి మిషన్ తర్వాత ఓడలో తిరిగి అందరితో మాట్లాడండి. రెక్స్ తన కుటుంబ కవచం సంగతి చెబుతాడు. వర్మైర్‌కు ముందే అది తెచ్చిస్తే, పాయింట్లు తక్కువున్నా అతను నిలుస్తాడు. అక్కడే జట్టులోని యాష్లీ, కైడన్‌లలో ఒకరిని ఎలా ఆడినా పోగొట్టుకోక తప్పదు. అది మీ తప్పు కాదు.

రెండో భాగం అసలైన పరీక్ష. ఒమెగా 4 రిలే (శత్రువులైన కలెక్టర్ల స్థావరానికి చేర్చే ద్వారం) దాటే చివరి దాడిలో ఎవరైనా చనిపోవచ్చు, అందరినీ బతికించనూ వచ్చు. దానికి మూడు ఏర్పాట్లు కావాలి. మొదటిది మీ ఓడ: జట్టులోవాళ్లలో కవచం గురించి జేకబ్‌తో, షీల్డు గురించి టాలీతో, ఫిరంగి గురించి గారస్‌తో మాట్లాడండి. వీటికి పల్లాడియం, ప్లాటినం వేలల్లో కావాలి. అవి దొరికే గ్రహాల స్కానింగ్ విసుగ్గా ఉన్నా చేయాల్సిందే, ఒక్కో అప్‌గ్రేడ్ మానేస్తే ఒక్కో ప్రాణం పోతుంది. రెండోది, జట్టులో ప్రతి ఒక్కరి లాయల్టీ మిషన్, అంటే వాళ్ల నమ్మకం గెలిచే సొంత పని. టాలీ విచారణలో ఆమె తండ్రి గురించిన ఆధారాన్ని సభలో బయటపెడితే ఆమె నమ్మకం పోతుంది. జాక్-మిరాండా, టాలీ-లీజియన్ గొడవలు పడినప్పుడు రంగు మాటతో ఇద్దరినీ నిలబెట్టాలి. దామాషా గురించి పైన అంతగా చెప్పింది ఇందుకే.

మూడోది సమయం. పాడుబడ్డ రీపర్ (శత్రు యంత్రజాతి) ఓడ నుంచి, రిలే దాటడానికి కావాల్సిన ఐఎఫ్ఎఫ్ పరికరం తెచ్చాక కొన్ని మిషన్లలోనే కలెక్టర్లు మీ సిబ్బందిని ఎత్తుకుపోతారు. కాబట్టి మిగతావాళ్ల పనులన్నీ ముగించుకున్నాకే అక్కడికి వెళ్లండి. వచ్చాక వెంటనే, అక్కడ దొరికిన యంత్రం లీజియన్‌ను లేపి, అతని లాయల్టీ మిషన్ పూర్తి చేయండి. సిబ్బంది పోయిన మరుక్షణం రిలే దాటండి. ఒకటి నుంచి మూడు మిషన్లు ఆలస్యమైతే సగం మంది పోతారు, ఇంకా ఆలస్యమైతే డాక్టర్ చాక్వాస్ ఒక్కరే మిగులుతారు.

కలెక్టర్ల స్థావరం లోపల పనుల పంపకం ఇలా చేయండి. గొట్టంలోకి టాలీ, లీజియన్, కసూమీలలో ఒకరు. రెండుసార్లూ జట్టు నాయకత్వం గారస్, మిరాండా, జేకబ్‌లలో ఒకరికి. నాయకుడు సరైనవాడు కాకపోతే గొట్టంలోని మనిషి ఎంత నేర్పరి అయినా చనిపోతాడు. పురుగుల గుంపును శక్తి కవచంతో ఆపే బయోటిక్ పని జాక్‌కో సమారాకో. సిబ్బందిని వెనక్కి తీసుకెళ్లడానికి మోర్డిన్‌ను పంపండి. వెనక నిలబడి కాపు కాసేటప్పుడు అతను బలహీనుడు, దారిలో పంపితే ఆ ప్రమాదం ఉండదు. చివరి గదికి మీ వెంట లాయల్టీ ఉన్న ఇద్దరిని తీసుకెళ్లండి. గ్రంట్, జయీద్, గారస్‌లను మాత్రం కాపుకు వదిలేయండి. బలమైనవాళ్లనే వెంట తీసుకుపోవాలనిపిస్తుంది, కానీ అప్పుడే వెనక ఉన్నవాళ్లు రాలిపోతారు.

మూడో భాగంలో అన్నిటికంటే ముందు ఈడెన్ ప్రైమ్ గ్రహానికి వెళ్లి జావిక్‌ను జట్టులోకి తెచ్చుకోండి, తర్వాతి మిషన్లలో అతని మాటలు వినదగ్గవి. గ్రిసమ్ అకాడమీ పిలుపు వస్తే వాయిదా వేయకండి, ఆ మిషన్ గడువు దాటిపోతుంది. రానాక్ గ్రహం మీది ముఖ్య మిషన్‌కు ముందే అడ్మిరల్ కోరిస్‌ను కాపాడే పని, గెత్ (యంత్రజాతి) ఫైటర్ల పని రెండూ ముగించాలి. లేకపోతే అక్కడ గెత్‌లకూ, టాలీ జాతి క్వేరియన్లకూ మధ్య సంధి కష్టం. చివరగా సెర్బెరస్ అనే శత్రు సంస్థ ప్రధాన స్థావరం మీద దాడికి దిగితే ఇక సిటడెల్‌కు తిరిగి రావడం ఉండదు. ఆ మిషన్ ఎంచుకునే ముందు కొత్త స్లాట్‌లో ఒక సేవ్ పెట్టి, మిగిలిన అదనపు కథలన్నీ ముగించుకోండి.