రేసు గుంపులోకి దిగే ముందు

సైకిల్ రేసుల సీజన్ దగ్గర పడుతుంటే అందరి ధ్యాసా కాళ్ల బలం మీదే ఉంటుంది. కొత్తగా రేసులకు వచ్చేవాళ్లకు నేను చెప్పేది వేరు: ముందు గుంపులో తొక్కడం నేర్చుకోండి. ముందువాళ్ల వెనకే అంటిపెట్టుకుంటే ఎదురుగాలి తగ్గి బోలెడు శ్రమ మిగులుతుంది. అందుకే అందరూ అంత దగ్గరగా వెళ్తారు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. మధ్యలో ఖాళీ చాలాసార్లు మీటరు కూడా ఉండదు.

అన్నిటికన్నా భయపడాల్సింది చక్రాల దగ్గర. మీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రం పక్కకు చొచ్చుకుపోయిందనుకోండి, వాళ్లు గుంత తప్పించడానికి జానెడు జరిగినా రెండూ రాసుకుంటాయి. పడేది దాదాపు ఎప్పుడూ వెనకున్నవాళ్లే. బ్యాలెన్స్ నిలిపేది ముందు చక్రం కదా, దాన్ని తిప్పే వీలు పోతే ఇక చేసేదేమీ ఉండదు. నేను మొదటిసారి పడింది ఇలాగే. ముందతను సీటు మీద నుంచి లేచాడు, ఆ క్షణంలో అతని సైకిల్ వెనక్కి వచ్చినట్టయింది. జర్రుమని రబ్బరు రాసుకున్న చప్పుడు, మరుక్షణం నా భుజం రోడ్డు మీద. మీరు లేచేటప్పుడు ఒక గేరు బరువు చేసుకుని, పెడల్‌ను కిందికి నొక్కుతూ లేవండి. వేగం తగ్గదు, వెనకవాళ్లకు ప్రమాదం ఉండదు.

తగిలినా పడకుండా తొక్కడం రోడ్డు మీద నేర్చుకోవద్దు. మెత్తటి గడ్డి మైదానం, తోడుకు ఒక స్నేహితుడు, హెల్మెట్, గ్లవ్స్ చాలు. నడకకన్నా కాస్త ఎక్కువ వేగంలో పక్కపక్కనే తొక్కుతూ మోచేతులు, తర్వాత భుజాలు తగిలించుకోండి. తగలగానే దూరం జరగాలనిపిస్తుంది. జరగకుండా, మోచేతులు వదులుగా వంచి, తగిలినవైపే కొంచెం ఆనుకోండి. అది అలవాటయ్యాక మీ ముందు చక్రాన్ని కావాలనే అతని వెనక చక్రానికి తాకించండి. విదిలించి లాగేస్తే పడతారు. పెడల్ ఆపి, మెల్లగా వెనక్కి తగ్గితే విడిపోతుంది. వారానికి ఒక గంట చొప్పున నెల చేస్తే చేతుల్లో బిగుసుదనం పోతుంది.

గుంపులో ఉన్నప్పుడు ముందున్న టైరునే చూస్తూ కూర్చోకండి. ఇద్దరు ముగ్గురికి అవతల చూడండి. వేగం తగ్గించాలంటే పెడల్ ఆపి, కాస్త నిటారుగా కూర్చుని గాలికి ఒళ్లు ఇవ్వండి. మీరు గట్టిగా పట్టిన బ్రేక్ వెనక్కి పాకేకొద్దీ పెద్దదవుతుంది. మలుపులో పక్కవాళ్లతో ఎంత ఎడంతో లోపలికి వెళ్లారో అంతే ఎడంతో బయటికి రండి. రోడ్డు తడిగా ఉంటే తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద తిప్పడం, బ్రేక్ వేయడం వద్దు.

సైకిల్ విషయానికొస్తే, టైర్లకు కోతలు, బ్రేక్ ప్యాడ్ల అరుగుదల చూసుకోండి. హ్యాండిల్ చివర మూతలు తప్పకుండా ఉండాలి. పడినప్పుడు ఖాళీ గొట్టం ఒంట్లోకి దిగుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చేయాల్సిందే. ప్రొఫెషనల్ రేసుల్లో కూడా 2003లో కజకిస్థాన్ సైక్లిస్ట్ ఆంద్రే కివిలెవ్ ఫ్రాన్స్‌లోని పారిస్–నీస్ రేసులో తలకు దెబ్బ తగిలి చనిపోయాక హెల్మెట్ తప్పనిసరి చేశారు.

మొదటి రేసులో ఓపిక అయిపోతే టెన్షన్‌తో గుంపు మధ్యలో బ్రేక్ వేయకండి. తిన్నగా తొక్కుతూనే, చెయ్యి చూపించి, కొంచెం కొంచెంగా అంచుకు జరిగి అందరినీ దాటిపోనివ్వండి.