చచ్చిందనుకున్న గులాబీ చిగురేసింది

మంచు తగ్గాక చూస్తే గులాబీ కొమ్మలన్నీ నల్లబడి ఉన్నాయి. పీకేద్దామనే అనుకున్నాను. మనసొప్పక ఒక కొమ్మను గోటితో గీరి చూశాను. పైనంతా గోధుమరంగే, జానెడు కిందికి వచ్చేసరికి మాత్రం బెరడు కింద తడిగా, పచ్చగా కనిపించింది. ప్రాణం ఉంది!

అయినా వెంటనే కత్తెర పట్టలేదు. క్రితం ఏడాది తొందరపడి కత్తిరిస్తే, వచ్చిన లేత చిగుళ్ళు మళ్ళీ పడిన మంచుకు మాడిపోయాయి. ఆ బాధ ఇంకా మరిచిపోలేదు. ఈసారి కణుపుల దగ్గర చిగురు మొగ్గలు ఎర్రగా ఉబ్బేదాకా ఆగాను. తర్వాత కొమ్మను కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చాను. కోసిన చోట మధ్యలో గోధుమరంగు ఉంటే ఇంకా కిందికి వెళ్ళాలి, తెల్లగా ఉంటే అక్కడితో ఆపాలి. బయటి వైపు తిరిగిన మొగ్గకు అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోశాను. లోపలి వైపు మొగ్గ దగ్గర కోస్తే కొమ్మలు మధ్యలో చిక్కుపడి గాలి ఆడదు, ఆకులకు నల్లమచ్చ తెగులు పడుతుంది. ఈ మొక్క అయ్యాక కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను.

అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచిన పిలకలను మొదలంటా లాగేశాను. పైపైన కోస్తే మళ్ళీ వస్తాయి. ఎరువు మాత్రం ఆకులు విచ్చుకున్నాకే.

మిగిలింది మూడు కొమ్మలే. ఇప్పుడు ఒక్కోదానికీ నాలుగైదు ఎర్రటి చిగుళ్ళు.