జేబులో పట్టే ప్లేయరును ఇంటి ఆడియోకు డిజిటల్ సోర్సుగా వాడుకొనే విధానం

చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో చాలావాటిలో ఒక మంచి యాంప్లిఫయరూ, దానికి తోడు ఒక జత స్పీకర్లూ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాడైపోయినది సాధారణంగా సీడీ ప్లేయరే. పశ్చిమ మాంబళంలోని మా ఇంట్లోనూ అదే జరిగింది. సీడీ ప్లేయరు లెన్సు అరిగిపోయి, ఆ మోడలుకు సరిపడే లెన్సు దొరకక, మార్గశిరంలో కొని తెచ్చుకొన్న కచేరీ డిస్కులన్నీ బీరువాకే పరిమితమైపోయాయి. ఆ సమయంలో, ప్రయాణాల కోసం కొన్న చిన్న మ్యూజిక్ ప్లేయరును ఇంటి యాంప్లిఫయరుకు సోర్సుగా మార్చుకొన్నాను. నాలుగేళ్లుగా మా హాల్లో సంగీతమంతా దాని నుంచే వస్తోంది. ఈ పని చేయదలచుకొన్నవారు ఏ క్రమంలో చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నా అనుభవంతో కలిపి ఇక్కడ వివరిస్తాను.

ముందుగా, ప్లేయరు చేసే పనులు మూడని గుర్తించాలి. కార్డులోని ఫైలును చదివి అంకెల వరుసగా మార్చడం మొదటిది, ఆ అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చడం రెండవది, ఆ సంకేతానికి ఇయర్‌ఫోనును మోగించేంత బలం ఇవ్వడం మూడవది. రెండవ పని చేసే భాగాన్నే డాక్ అంటారు. హెడ్‌ఫోను రంధ్రం నుంచి యాంప్లిఫయరు ఆక్స్ సాకెట్‌కు తీగ కలిపితే పాట వినిపిస్తుంది కాని, ఆ మూడు పనులూ జేబులో పట్టే పెట్టెలోనే జరిగిపోతాయి. ప్లేయరును డిజిటల్ సోర్సుగా వాడడమంటే దానికి మొదటి పని మాత్రమే అప్పగించి, అంకెలను ఏ మార్పూ లేకుండా బయటి డాక్‌కు అందించమనడం. ఇకపై చెప్పే ప్రతి అమరికా ఈ ఒక్క ఉద్దేశం కోసమే.

బయటి డాక్ విడిగా కొనవలసిన అవసరం అందరికీ ఉండదు. ఇంట్లో ఏవీ (ఆడియో-వీడియో) రిసీవరు, అంటే హోమ్ థియేటరు యాంప్లిఫయరు, ఉంటే దాని వెనుక అంకెలను స్వీకరించే ఆప్టికల్ (కాంతి తీగ) లేదా కోయాక్సియల్ (లోహపు తీగ) ఇన్‌పుట్ సాధారణంగా ఉంటుంది, అంటే డాక్ అప్పటికే ఇంట్లో ఉన్నట్లే. పాత స్టీరియో యాంప్లిఫయరు మాత్రమే ఉన్నవారు చిన్న డాక్ ఒకటి సమకూర్చుకోవాలి. అంతవరకూ ప్లేయరులోని లైన్ అవుట్‌తో (యాంప్లిఫయరుకు కలపడానికే ఉన్న అనలాగ్ అవుట్‌పుట్‌తో) సరిపెట్టుకోవడంలో లోపమేమీ లేదు. నేటి మంచి ప్లేయర్ల లైన్ అవుట్ చాలా శుభ్రంగా ఉంటుంది కాబట్టి, స్పీకర్లు బాగాలేని ఇంట్లో డాక్ మీద డబ్బు పోసే కంటే ఆ డబ్బును స్పీకర్లకు పెట్టడమే మేలని నా అభిప్రాయం.

తరువాత మీ ప్లేయరుకు ఏ డిజిటల్ అవుట్‌పుట్ ఉందో చూడాలి. అన్ని ప్లేయర్లకూ అది ఉండదు. 2001లో మొదలైన ఐపాడ్ సంగతే తీసుకొంటే, 2003 నుంచి దాని అడుగున ఉంటూ వచ్చిన వెడల్పాటి సాకెట్ నుంచి ఏళ్ల తరబడి అనలాగ్ సంకేతం మాత్రమే తీసుకోగలిగేవారు. 2008లో వాడియా సంస్థ తెచ్చిన ఐట్రాన్స్‌పోర్ట్ అనే స్టాండు దాని నుంచి అంకెలనే నేరుగా బయటికి తీసింది. యాపిల్ అనుమతి పొందిన అటువంటి పరికరం లేకుండా, మామూలు కేబులుతో పాత ఐపాడ్ నుంచి డిజిటల్ సంకేతం రాదు. కనుక సొరుగులో ఉన్న ఐపాడ్‌తోనే మొదలుపెట్టాలనుకొనేవారు ఈ విషయం ముందే తెలుసుకోవాలి. ఆ తరువాత వచ్చిన ఆస్టెల్ అండ్ కెర్న్, ఫియో, ఐబాసో వంటి సంస్థల ప్లేయర్లలో ఆప్టికల్, కోయాక్సియల్, యూఎస్‌బీ అవుట్‌పుట్లలో ఒకటో రెండో కనిపిస్తాయి.

కోయాక్సియల్ అవుట్‌పుట్ తరచుగా హెడ్‌ఫోను రంధ్రంలాంటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వస్తుంది. దాని నుంచి డాక్ వెనుకనున్న ఆర్‌సీఏ సాకెట్‌కు (పాత డీవీడీ ప్లేయర్ల వెనుక ఉండే గుండ్రటి సాకెట్ లాంటిది) చేరడానికి ఒక మార్పిడి కేబులు కావాలి. ఇక్కడే చాలామంది పొరబడుతారు, ఎందుకంటే ఆ పిన్నులో ఏ వలయానికి సంకేతం వస్తుందో సంస్థను బట్టి మారుతుంది. ఒక సంస్థ కేబులు మరొక సంస్థ ప్లేయరులో సరిగ్గా దూరి కూర్చొంటుంది కాని, శబ్దం రాదు. అందువల్ల ప్లేయరుతో వచ్చిన కేబులును పారవేయకండి. అది పోతే, ఆ మోడలుకు పనికివస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. ఆర్‌సీఏ వైపున పొడవు పెంచుకోవాలంటే మాత్రం ఖరీదైన తీగ అక్కరలేదు. ఈ సంకేతానికి 75 ఓమ్‌ల కేబులు కావాలి, పాత డీవీడీ ప్లేయరుతో వచ్చిన పసుపు పిన్నుల వీడియో కేబులు కూడా అందుకోసం తయారైనదే. రిచీ స్ట్రీట్‌లో వెదికి తెచ్చిన అటువంటి సాదా కేబులే నా దగ్గర ఇప్పటికీ పనిచేస్తోంది.

ఆప్టికల్ అయితే కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. తోషిబా 1983లో ప్రవేశపెట్టిన ఈ కేబులు మధ్యలో లోహపు బంధమేదీ ఉండదు కనుక, ఒక పరికరంలోని విద్యుత్ రొద రెండవదానికి పాకదు. దీని పరిమితి వేరు. చాలా పరికరాలలో ఇది 96 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) వరకే నమ్మకంగా పనిచేస్తుంది, ఆపైన కొన్ని పలుకుతాయి, కొన్ని మూగవోతాయి. సీడీ ప్రమాణమైన 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల రికార్డింగులు వినేవారికి ఆ పరిమితి ఎప్పుడూ అడ్డురాదు. కేబులును గోడ మూలలో బిగుతుగా మడవకుండా మెల్లని వంపుతో తిప్పితే చాలు.

యూఎస్‌బీకి మరొక సుగుణం ఉంది. కోయాక్సియల్, ఆప్టికల్ పద్ధతుల్లో, ఏ అంకెను ఏ క్షణంలో మోగించాలన్న కాలమానం సంకేతంతో పాటే ప్లేయరు నుంచి వస్తుంది, దాన్ని డాక్ అందులోంచి తిరిగి పట్టుకోవలసి ఉంటుంది. అసింక్రనస్ యూఎస్‌బీలో డాక్ తన సొంత గడియారాన్ని అనుసరిస్తూ, తనకు కావలసిన వేగంతో అంకెలను ప్లేయరు నుంచి అడిగి తీసుకొంటుంది. ఇందుకు యూఎస్‌బీ బంధంలో ప్లేయరు, కంప్యూటరులా, యజమాని (హోస్ట్) స్థానంలో ఉండాలి కనుక అందుకు వీలు కల్పించే ఓటీజీ కేబులు కావాలి. రెండు కొసలా సీ రకం పిన్ను ఉన్న చార్జింగు కేబులుతో కొన్ని జతలు కలుస్తాయి, కొన్ని కలవవు. మొదటి ప్రయత్నంలో డాక్ కనిపించకపోతే కేబులును తిప్పి పెట్టడం, అప్పటికీ కాకపోతే ఓటీజీ అని రాసి ఉన్న కేబులు తేవడం మంచిది. డాక్ తనకు కావలసిన కరెంటును కూడా ప్లేయరు నుంచే లాగేదైతే, ప్లేయరు బ్యాటరీ సగం కచేరీకే అడుగంటుతుంది. ఇంట్లో స్థిరంగా ఉంచే డాక్ గోడ సాకెట్ నుంచి కరెంటు తీసుకొనేదే అయి ఉండాలి.

ఆండ్రాయిడ్‌తో నడిచే ప్లేయర్లలో, పాత ఫోన్లలో కూడా, ఒక మెలిక ఉంది. నోటిఫికేషను మోతలనూ, పాటలనూ కలపడానికి ఆండ్రాయిడ్ సాధారణంగా అన్ని శబ్దాలనూ ఒకే శాంప్లింగ్ రేటుకు, తరచుగా 48 కిలోహెర్ట్జ్‌కు, మారుస్తుంది. సీడీ నుంచి తీసిన 44.1 కిలోహెర్ట్జ్ పాట కూడా ఆ మార్పుకు లోనవుతుంది. సంగీతం కోసమే చేసిన ప్లేయర్లలో ఈ మార్పిడిని తప్పించే ఏర్పాటు తయారీదారులే చేసి ఉంటారు. ఫోను వాడేవారు యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో వంటి, డాక్‌తో తానే నేరుగా మాట్లాడే యాప్‌ను ఆశ్రయించాలి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి, మార్పు లేకుండా యూఎస్‌బీకి పంపే వసతి ఆండ్రాయిడ్‌లోనే చేరింది, అయితే యాప్ దానిని వినియోగించుకొన్నప్పుడే దాని ఫలం దక్కుతుంది. బ్లూటూత్ మాత్రం ఈ వ్యాసం పరిధిలోకి రాదు. ఎల్‌డాక్ వంటి మేలైన పద్ధతి కూడా గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లే పంపుతుంది, సీడీ ప్రవాహం 1,411 కిలోబిట్లు. అంటే అక్కడ కొంత వదిలివేయడం తప్పదు.

ఇప్పుడు వాల్యూము సంగతి. దీనికి తగిన శ్రద్ధ పెట్టమని పదేపదే కోరుతున్నాను. కొన్ని ప్లేయర్లలో డిజిటల్ అవుట్‌పుట్‌కు వాల్యూము మీటతో సంబంధం ఉండదు, అంకెలు నిండుగానే వెళతాయి. మరికొన్నింటిలో ఆ మీట అంకెలనే కుదిస్తుంది. ఇలా కుదించినప్పుడు దాదాపు ప్రతి 6 డెసిబెల్‌లకూ ఒక బిట్ లెక్కన సూక్ష్మత తగ్గుతుంది. 24 బిట్ల మార్గంలో కొద్దిగా తగ్గించడం వల్ల చెవికి తెలిసే నష్టమేమీ ఉండదని కూడా న్యాయంగా ఒప్పుకోవాలి. అయినా ప్లేయరు వాల్యూమును పూర్తిగా పెంచి ఉంచి, హెచ్చుతగ్గులన్నీ యాంప్లిఫయరు గుబ్బతోనే చేసుకోవడం సులువైన, నమ్మదగిన పద్ధతి. ప్రమాదం ఉన్నదీ ఇక్కడే. మొదటిరోజు నేను యాంప్లిఫయరు గుబ్బను సగానికి తిప్పి ఉంచి, ప్లేయరు వాల్యూము తక్కువగానే ఉందన్న ధీమాతో పాట మొదలుపెట్టాను. అవుట్‌పుట్ వాల్యూముతో నిమిత్తం లేనిది కావడంతో మృదంగం మొదటి దెబ్బ పిడుగులా పడి, పక్క గదిలో నిద్రపోతున్న మా అమ్మగారు ఉలిక్కిపడి లేచారు. స్పీకర్ల పేపరు కోనులు చిరగకపోవడం మా అదృష్టం. అందుచేత, మొదటిసారి కలిపినప్పుడు యాంప్లిఫయరు గుబ్బను పూర్తిగా సున్నాకు తెచ్చి, పాట మొదలైన తరువాతే మెల్లగా పెంచండి. ఈక్వలైజరు, బాస్ పెంచే అమరిక, పాటల మధ్య మోతను సమం చేసే అమరిక, ఇవన్నీ ప్లేయరులో ఆపివేయాలి. ఇవి కూడా అంకెలను మార్చేవే.

అంకెలు మారకుండానే చేరుతున్నాయా అన్నది ఇంట్లోనే పరీక్షించవచ్చు. డాక్ మీద శాంప్లింగ్ రేటు చూపే తెర లేదా దీపాలు ఉంటే, 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు ఒకటి, 96 కిలోహెర్ట్జ్ ఫైలు ఒకటి వరుసగా మోగించండి. రెండింటికీ తెర మీద ఒకే అంకె కనిపిస్తే మధ్యలో ఎవరో మార్పిడి చేస్తున్నట్లే. ఏవీ రిసీవరు ఉన్నవారికి ఇంతకంటే గట్టి పరీక్ష ఉంది. డీటీఎస్ సరౌండ్ శబ్దాన్ని సీడీ ప్రమాణంలో భద్రపరచిన వేవ్ ఫైలును కోయాక్సియల్ లేదా ఆప్టికల్ గుండా పంపినప్పుడు, ఒక్క బిట్ కూడా మారకపోతే రిసీవరు దానిని గుర్తించి డీటీఎస్ దీపం వెలిగిస్తుంది. ఎక్కడైనా మార్పు జరిగితే బుస్సుమనే హోరు మాత్రమే వస్తుంది. వాల్యూము బాగా తగ్గించి ఈ పరీక్ష చేయాలి.

కోయాక్సియల్ గానీ యూఎస్‌బీ గానీ కలిపిన తరువాత స్పీకర్లలో సన్నని గుయ్‌మనే రొద వస్తే, ముందుగా ప్లేయరు చార్జరును ఊడదీసి చూడండి. బ్యాటరీ మీద నడిచే ప్లేయరుకు గోడ కరెంటుతో బంధం లేదు, చార్జరు గుచ్చగానే ఆ బంధం ఏర్పడి, చార్జరులోంచి జారే కొద్దిపాటి కరెంటు యాంప్లిఫయరు దాకా పాకుతుంది. చార్జరు తీస్తే రొద ఆగిందంటే కారణం దొరికినట్లే, ఇక వినేటప్పుడు బ్యాటరీ మీద నడపడమో, ఆప్టికల్‌కు మారడమో చేయాలి. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు మాత్రమే రొద వస్తే అది ప్లేయరు తప్పు కాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద యాంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరే గురగురలాడుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఈ బాధ కనిపించదు.

ఇక ఫైళ్లు. సీడీలను కంప్యూటరులో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రాముతో చదివించి, ఫ్లాక్ రూపంలో దాచుకోవడం ఉత్తమం. ఫ్లాక్‌లో పరిమాణం సుమారు సగానికి తగ్గినా ఒక్క అంకె కూడా పోదు. ఆ ప్రోగ్రాము తాను చదివినదాన్ని ఇతరులు అదే డిస్కు నుంచి చదివినదానితో పోల్చి చూపగలదు. చిన్న సంస్థలు తక్కువ ప్రతులతో విడుదల చేసిన కచేరీ డిస్కులు ఆ జాబితాలో ఉండకపోవచ్చు కనుక, అటువంటివాటిని రెండుసార్లు చదివించి రెండు ఫలితాలూ ఒకటేనా అని సరిచూసుకోవాలి. కర్ణాటక సంగీతం వినేవారికి ఫ్లాక్ వల్ల మరొక ఉపకారం ఉంది. ఆలాపన ఒక ట్రాకుగా, కృతి మరొకటిగా, తని ఆవర్తనం ఇంకొకటిగా విడగొట్టిన డిస్కులలో శ్రుతి ఎక్కడా తెగకూడదు. ఎంపీ3లో ప్రతి ట్రాకు మొదటా చివరా కొంత నిశ్శబ్దం చేరడం వల్ల తంబూరా నాదం ఒక్క క్షణం తెగిపడుతుంది, ఆ క్షణం నా ప్రాణానికి ముల్లులా గుచ్చుకొంటుంది. ఫ్లాక్ ఫైళ్లకు ఆ లోపం లేదు. ప్లేయరు అమరికలలో గ్యాప్‌లెస్ అన్నదాన్ని ఆన్ చేస్తే చాలు.

పాటల వివరాలను తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. ఫ్లాక్ వాటిని యూనికోడ్‌లోనే భద్రపరుస్తుంది. అయితే ఆండ్రాయిడ్ కాని చిన్న ప్లేయర్లలో కొన్నింటికి తెలుగు ఫాంటు లేక గళ్లు కనిపిస్తాయి, మరికొన్నింటిలో వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. కొనేముందు ఒక తెలుగు ఫైలును కార్డులో పెట్టి దుకాణంలోనే చూడడం మంచిది. ఇంగ్లీషు అక్షరాలలో రాయవలసి వస్తే మొదటే ఒక పద్ధతి నిర్ణయించుకోండి. తోడి రాగాన్ని తమిళనాట ‘టి’ పక్కన ‘హెచ్’ చేర్చి రాయడం అలవాటు, మనలో చాలామంది ఉత్త ‘టి’తో రాస్తారు. రెండూ కలిస్తే ఒకే రాగం జాబితాలో రెండు చోట్ల తేలుతుంది.

మెమరీ కార్డు విషయంలో నేను ఒకసారి మోసపోయాను. 256 గిగాబైట్లని అమ్మిన కార్డులో పాటలన్నీ ఎక్కినట్లే కనిపించాయి కాని, చివర చేర్చిన కచేరీలేవీ మోగలేదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాముతో పరీక్షిస్తే అసలు జాగా 32 గిగాబైట్లేనని తేలింది. కొత్త కార్డు తెచ్చినరోజే, పాటలు ఎక్కించకముందే, ఈ పరీక్ష చేయాలి. నిజమైన 128 గిగాబైట్ల కార్డులో ఫ్లాక్ రూపంలో మూడు వందలకు పైగా డిస్కులు పడతాయి. వాటన్నింటికీ కంప్యూటరులో మరొక ప్రతి ఉంచుకోవడం మరవవద్దు.

మన ఊరి ఎండా, ఉప్పుగాలీ ఈ పరికరాలకు శత్రువులు. ప్లేయరును రోజంతా చార్జరుకే కట్టివేసి, వేడెక్కే యాంప్లిఫయరు మీద పెట్టడం బ్యాటరీ ఆయుష్షును త్వరగా హరిస్తుంది. నిండుగా చార్జైన స్థితీ, వేడీ కలిస్తే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. వీలైనంతవరకూ 40 నుంచి 80 శాతం మధ్య ఉంచి, విడిగా గాలి తగిలే చోట పెట్టండి. వెనుక పలక ఉబ్బినట్లు కనిపిస్తే మాత్రం ఆ క్షణమే వాడకం ఆపివేసి, బ్యాటరీ మార్పించాలి. బెసంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాలవారు ఆర్‌సీఏ సాకెట్లు నల్లబడకుండా ఆరు నెలలకొకసారి, అన్నీ ఆపివేసిన తరువాత, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి.

రోజూ వాడేటప్పుడు ముందు ప్లేయరును డాక్‌కు కలిపి, తరువాత డాక్‌ను, అన్నిటికంటే చివర యాంప్లిఫయరును ఆన్ చేయండి. ఆపేటప్పుడు యాంప్లిఫయరును ముందుగా ఆపితే, కేబులు ఊడదీసేటప్పుడు వచ్చే టప్‌మనే శబ్దం స్పీకర్ల దాకా చేరదు.